కనురెప్పను లోపలి నుంచి వేడిచేసే కాంటాక్ట్ లెన్సులు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

కళ్లు పొడిబారే జబ్బు గురించి గత సంచికలో రాసిన వ్యాసంలో, కనురెప్పలకు లోపలి నుంచి వేడినిచ్చే కాంటాక్ట్ లెన్సుల కోసం సాగుతున్న పరిశోధనను రెండు మూడు వాక్యాల్లో ప్రస్తావించాను. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆ రెండు మూడు వాక్యాల గురించే. ఒకే విషయాన్ని అడిగిన ఉత్తరాలను కలిపి, ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: రెప్పల్లోని నూనె గ్రంథులు మూసుకుపోవడం వల్ల నా కళ్లు పొడిబారుతున్నాయని డాక్టరు గారు చెప్పి, రోజూ పది నిమిషాలు వేడి కాపడం పెట్టుకోమన్నారు. కన్ను పొడిబారితే చుక్కల మందు వేయాలి గానీ కాపడం ఎందుకు? పైగా నా కళ్ల వెంట తరచూ నీళ్లు కారుతూనే ఉంటాయి. కాపడం గుడ్డ రెండు నిమిషాలకే చల్లారిపోతోంది. వేడి లెన్సు వస్తే ఈ అవస్థ తప్పుతుందా? (ఒక పాఠకురాలు)

జవాబు: కన్నీటి పొర అంటే నీరు ఒక్కటే కాదండీ. కంటి ఉపరితలాన్ని అంటిపెట్టుకుని మ్యూసిన్ అనే జిగురు పదార్థం, దానితో కలిసి నీరు, అన్నిటికన్నా పైన అతి పలుచని తైలపు పొర ఉంటాయి. మొత్తం కన్నీటి పొర మందమే సుమారు 3 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుకు మూడింతలు. అందులో పైనున్న తైలపు పొర కొన్ని పదుల నానోమీటర్లకు మించదు. అయినా కింది నీరు ఆవిరైపోకుండా ఆపేది ఆ కాస్త నూనే. అది చాలనప్పుడు మీరు రెప్ప వేసిన కొన్ని సెకన్లకే కన్నీటి పొర అక్కడక్కడ చిట్లిపోతుంది, నల్లగుడ్డు మీది పారదర్శకమైన కార్నియా గాలికి బయటపడుతుంది, ఇసుక పడినట్టు గరగరలాడుతుంది. ఆ బాధకు ప్రతిస్పందనగా కన్నీటి గ్రంథి ఒక్కసారిగా నీటిని వదులుతుంది. మీ కళ్ల వెంట కారే నీళ్లు అవే. వాటిలో నూనె సరిగా లేదు కాబట్టి అవి కారిపోతాయే గానీ కంటిని తడిగా ఉంచవు.

ఈ నూనెను తయారుచేసేవి మైబోమియన్ గ్రంథులు. 1666లో వీటిని వివరించిన జర్మన్ వైద్యుడు హైన్‌రిక్ మైబోమ్ పేరు మీదుగా వాటికి ఆ పేరు వచ్చింది. పై రెప్పలో 25 నుంచి 40 వరకు, కింది రెప్పలో 20 నుంచి 30 వరకు ఉండే ఈ గ్రంథులు రెప్ప లోపలి గట్టి పలకలో నిలువుగా, వరుసగా అమరి ఉంటాయి. వాటి రంధ్రాలు రెప్ప అంచున, వెంట్రుకల వరుసకు కాస్త వెనుకగా తెరుచుకుంటాయి. ఆరోగ్యంగా ఉన్న రెప్పను స్లిట్‌ల్యాంప్ (కంటి వైద్యులు వాడే సూక్ష్మదర్శిని) కింద పెట్టి అంచును మెల్లగా నొక్కితే ఆ రంధ్రాల నుంచి పారదర్శకమైన నూనె చిన్న చిన్న బొట్లుగా ఊరుతుంది. జబ్బు ముదిరిన రెప్పను అలాగే నొక్కితే మసకగా, చిక్కగా వస్తుంది. కొన్ని రంధ్రాల నుంచి టూత్‌పేస్టులా తీగ కట్టి వస్తుంది. మరికొన్నిటి నుంచి ఏమీ రాదు.

కాపడం అవసరం ఇక్కడే ఉంది. ఈ నూనె ఒక నిర్దిష్టమైన ఉష్ణోగ్రత దగ్గర ఒక్కసారిగా కరగదు; సుమారు 32 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ మధ్య క్రమంగా మెత్తబడుతుంది. జబ్బున్న గ్రంథుల్లోని నూనె కరగడానికి ఇంకా కొన్ని డిగ్రీలు ఎక్కువ కావాలి. అందుకే రెప్ప లోపలి వైపు 40 డిగ్రీలు దాటేలా కొన్ని నిమిషాల పాటు వేడి అందాలన్నది వైద్యుల లక్ష్యం. బయట పెట్టిన గుడ్డ వేడి చర్మాన్ని, కండరాన్ని దాటుకుని లోపలికి వెళ్లాలి. ఆ దారిలో రెప్పలో పారే రక్తం చాలా వేడిని మోసుకుపోతుంది. 45 డిగ్రీల కాపడాన్ని రెండేసి నిమిషాలకు మారుస్తూ పోయినా లోపలి వైపు 40 డిగ్రీలకు చేరడానికి కొన్ని నిమిషాలు పడుతుందని కొలతల్లో తేలింది. మీ గుడ్డ రెండు నిమిషాలకే చల్లారుతోందంటే గ్రంథుల వరకు వేడి చేరుతోందని చెప్పలేము. గుడ్డను మార్చుకుంటూ ఉండండి, లేదా కళ్ల కోసమే తయారైన, వేడిని ఎక్కువసేపు నిలుపుకునే మాస్కు గురించి మీ డాక్టరు గారిని అడగండి.

లెన్సు రెప్ప లోపలి వైపుకు ఆనుకుని ఉంటుంది, గ్రంథులు కూడా ఆ వైపుకే దగ్గరగా ఉంటాయి. చర్మాన్నీ కండరాన్నీ దాటాల్సిన దూరం తప్పిపోతుందన్న ఆలోచన సరైనదే. అయితే అటువంటి లెన్సు ఇంకా ప్రయోగశాలల దశలోనే ఉంది కాబట్టి, దాని కోసం ఎదురుచూస్తూ కాపడం మాత్రం మానవద్దు.

ప్రశ్న: రెప్పలను లోపలి నుంచి వేడిచేసే యంత్రం ఆసుపత్రుల్లో ఉందని విన్నాను. మరి కొత్తగా కనిపెట్టాల్సింది ఏముంది?

జవాబు: మీరు విన్నది లిపిఫ్లో అనే పరికరం గురించి. అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ సంస్థ దానికి 2011లో అనుమతి ఇచ్చింది. మత్తు చుక్కలు వేసి, కంటి తెల్లగుడ్డు మీద ఆనేలా, కార్నియాను మాత్రం తాకకుండా వంపు తిరిగిన ఒక కవచాన్ని రెప్పల కింద అమరుస్తారు. అది రెప్పల లోపలి వైపును సుమారు 42.5 డిగ్రీలకు వేడిచేస్తుంది. అదే సమయంలో బయటి వైపున ఉన్న గాలి తిత్తి రెప్పలను మెల్లమెల్లగా నొక్కుతూ కరిగిన నూనెను బయటకు తోస్తుంది. మొత్తం చికిత్స 12 నిమిషాలు. ఆ తర్వాత వచ్చిన కొన్ని పరికరాలు రెప్పలకు బయటి నుంచి వేడినిస్తాయి.

లెన్సు గురించి ఆలోచించే ప్రతి ఒక్కరూ లిపిఫ్లో నిర్మాణాన్ని శ్రద్ధగా చూడాలని నేను కోరుకుంటాను. వేడినిచ్చే ముఖం రెప్ప వైపు, వేడిని ఆపే ముఖం కార్నియా వైపు, ఆ రెంటి మధ్య ఖాళీ, బయటి నుంచి ఒత్తిడి. లెన్సు రూపంలోకి తేవాలనుకుంటున్నది ఈ ఏర్పాటునే. కొత్తగా కావలసింది ఏమిటంటే, రోగి ఆసుపత్రికి రాకుండా, మత్తు చుక్కలు లేకుండా, తరచుగా వాడుకోగలిగేంత చిన్నదిగా, సురక్షితంగా అది మారడం. ఈ జబ్బు ఒక్కసారి చికిత్సతో పూర్తిగా పోయేది కాదు; నూనె మళ్లీ చిక్కబడుతుంది, గ్రంథులు మళ్లీ మూసుకుపోతాయి. అందుకే ఇంట్లో వాడుకునే సాధనం కోసం ఇంత ఆరాటం.

ప్రశ్న: నేను బయోమెడికల్ ఇంజనీరింగ్ చదువుతున్నాను. పారదర్శకమైన వెండి నానోతీగలతో గానీ, గ్రాఫీన్‌తో (కార్బన్ అణువుల అతి పలుచని పొరతో) గానీ చేసిన హీటర్‌ను మెత్తని లెన్సులో పొదిగి, బయటి నుంచి వైర్‌లెస్‌గా విద్యుత్తు అందిస్తే సరిపోతుంది కదా. ఇందులో కష్టం ఎక్కడుందో వివరంగా చెప్పగలరా?

జవాబు: వేడిని పుట్టించడం కష్టం కాదు. మీరు చెప్పిన పదార్థాలన్నీ ఆ పని చేయగలవు. పుట్టిన వేడిని రెప్ప వైపు మాత్రమే పంపడమే అసలైన కష్టం, ఈ రంగంలో చాలా పనులు ఆగిపోయేది కూడా అక్కడే.

మెత్తని లెన్సు మధ్యభాగం మందం సుమారు 0.1 మిల్లీమీటరు. దానిలో గణనీయమైన భాగం నీరే. అంత పలుచని తడి పొర వేడిని అడ్డుకోలేదు కాబట్టి హీటర్‌లో పుట్టిన వేడి ముందున్న రెప్పకూ, వెనుకనున్న కార్నియాకూ రెండు వైపులా సాగుతుంది. ఇప్పుడు ఆ రెండు కణజాలాల తేడా చూడండి. రెప్పలో రక్తనాళాలు దట్టంగా ఉంటాయి. వచ్చిన వేడిని రక్తం నిరంతరం మోసుకుపోతూనే ఉంటుంది. కార్నియాలో రక్తనాళాలే లేవు. అక్కడికి చేరిన వేడి వెనుకనున్న ద్రవంలోకి నెమ్మదిగా పాకాల్సిందే. అంటే మనం వేడెక్కించాలనుకున్న చోటు చల్లబడుతూ ఉంటుంది, వేడెక్కకూడని చోటు వేడిని పట్టి ఉంచుతుంది. శరీర నిర్మాణమే మన లక్ష్యానికి ఎదురు నిలుస్తోంది.

హీటర్‌ను లెన్సు అంచున వలయంగా పెట్టి, కార్నియాను వదిలేద్దామన్నది చాలామందికి మొదట తోచే పరిష్కారం. మెత్తని లెన్సు వ్యాసం 14 మిల్లీమీటర్ల దగ్గర, కార్నియా వ్యాసం 11–12 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది కాబట్టి అంచున కాస్త చోటు మిగులుతుంది. కానీ కన్ను మూసినప్పుడు పై రెప్ప ఎక్కడికి వస్తుందో గమనించండి. పై రెప్పలోని గ్రంథుల పలక ఎత్తు మధ్యలో సుమారు 10 మిల్లీమీటర్లు; కన్ను మూస్తే అది దాదాపుగా కార్నియా మీదికే వచ్చి కూర్చుంటుంది. వలయం దానిలో ఎక్కువ భాగానికి దూరంగా ఉండిపోతుంది. కింది రెప్ప పలక ఎత్తు 4–5 మిల్లీమీటర్లే; దానికి వలయపు కింది వంపు కొంత ఉపయోగపడవచ్చు.

అందువల్ల నా అభిప్రాయంలో మెత్తని లెన్సు కన్నా, తెల్లగుడ్డు మీద ఆని కార్నియాను ఎడంగా దాటే స్క్లీరల్ లెన్సు ఈ పనికి తగిన ఆకారం. దానిలోనూ ఒక మెలిక ఉంది. మామూలు స్క్లీరల్ లెన్సుకూ కార్నియాకూ మధ్య ఉండే ఖాళీని సెలైన్‌తో నింపుతారు. ఆ నీరు వేడిని కొంత ఆలస్యం చేస్తుందే గానీ ఆపదు. గాలికి నీటితో పోలిస్తే వేడిని ప్రసరింపజేసే గుణం ఇరవయ్యో వంతు మాత్రమే. కాబట్టి లెన్సు గోడలోనే మూసిన గాలి గదులను ఇమిడ్చి, వాటికి ముందు హీటర్‌ను, వెనుక సెలైన్‌ను ఉంచితే వేడి ఎక్కువగా రెప్ప వైపు మళ్లుతుంది. అలా చేసినప్పుడు లెన్సు మందమవుతుంది, రెప్ప కింద పట్టకపోయే ప్రమాదం వస్తుంది, చూపు స్పష్టత పోతుంది. కళ్లు మూసుకుని పది పన్నెండు నిమిషాలు పెట్టుకునే చికిత్స లెన్సు అయితే చూపు స్పష్టత గురించి బెంగ అక్కరలేదు. రోజంతా ధరించే లెన్సు, చూపును సరిచేసే లెన్సు, వేడినిచ్చే లెన్సు అన్నీ ఒకటే కావాలన్న ఆశను ముందుగా వదులుకోవాలి. ఆ ఆశే చాలా నమూనాలను చిక్కుల్లో పడేస్తోంది.

ఇక విద్యుత్తు లెక్క ఒకసారి వేసుకుందాం. పై రెప్ప పలక వెడల్పు 25, ఎత్తు 10, మందం 1 మిల్లీమీటరు అనుకుంటే ఘనపరిమాణం గరిష్ఠంగా 0.25 ఘన సెంటీమీటరు. మెత్తని కణజాలపు ఒక గ్రామును ఒక డిగ్రీ వేడిచేయడానికి సుమారు 3.5 జౌళ్లు కావాలి. 35 నుంచి 41 డిగ్రీలకు చేర్చడానికి అయిదు జౌళ్ల పైచిలుకు. వినడానికి ఇది చిన్న మొత్తమే. కానీ పక్క కణజాలం పంచుకునే వేడి, రక్తం మోసుకుపోయే వేడి దీనికి కలపాలి. పది నిమిషాల పాటు 100 మిల్లీవాట్లు ఇచ్చారనుకుంటే 60 జౌళ్లు అవుతుంది. లెన్సులో ఇమిడే సూక్ష్మ బ్యాటరీ 0.1 మిల్లీఆంపియర్ అవర్, 3.7 వోల్టులది అనుకున్నా దానిలో నిల్వ ఉండేది 1.3 జౌళ్లు. కాబట్టి మీరన్నట్టు విద్యుత్తు బయటి నుంచే రావాలి. కంటి చుట్టూ కళ్లజోడులాగానో, మాస్కులాగానో ఒక తీగచుట్ట పెట్టి, లెన్సులోని చిన్న తీగచుట్టకు ప్రేరణ పద్ధతిలో, అంటే అయస్కాంత క్షేత్రం ద్వారా, విద్యుత్తు పంపవచ్చు. అయితే కన్ను కదిలినప్పుడల్లా రెండు చుట్టల మధ్య అమరిక మారి, అందే విద్యుత్తు మారుతుంది, వేడీ మారుతుంది. అందుకని లెన్సులోనే ఉష్ణోగ్రతను కొలిచే సెన్సర్ ఉండి, ఆ కొలత తిరిగి బయటి పరికరానికి చేరి, హద్దు దాటగానే విద్యుత్తు దానంతట అదే ఆగిపోవాలి. సెన్సర్ పాడైతే హీటర్ పనిచేయకుండా పోవాలే తప్ప, హీటర్ నడుస్తూ సెన్సర్ మౌనంగా ఉండే పరిస్థితి రాకూడదు.

లెన్సులో ఎలక్ట్రానిక్స్ ఇమడవేమో అన్న సందేహం మాత్రం అక్కరలేదు. కంటి లోపలి ఒత్తిడికి సంబంధించిన మార్పులను 24 గంటల పాటు నమోదు చేసే ట్రిగ్గర్‌ఫిష్ అనే లెన్సుకు 2016లో ఎఫ్‌డీఏ అనుమతి లభించింది. దానిలో సెన్సరూ, యాంటెనాయే గానీ హీటర్ లేదు. కొలవడానికి అతి తక్కువ శక్తి చాలు. వేడిచేయడానికి దానికి ఎన్నో రెట్లు కావాలి.

2021లో దక్షిణ కొరియా పరిశోధకులు ప్రచురించిన పని మీరు తప్పక చదవాలి. కంటి ఉపరితలపు వాపుకు గుర్తుగా కన్నీటిలో పెరిగే ఎంఎంపీ-9 అనే ఎంజైమును గ్రాఫీన్ సెన్సర్‌తో కొలిచే లెన్సును వారు తయారుచేశారు. వేడినిచ్చే పనిని మాత్రం లెన్సుకు అప్పగించకుండా, రెప్ప చర్మం మీద అంటించే పారదర్శకమైన, సాగే గుణమున్న పట్టీకి అప్పగించారు. కనిపెట్టే పని లోపల, వేడిచేసే పని బయట. ఈ పని విభజన నాకు ఎంతో వివేకవంతంగా కనిపిస్తుంది. దీనికే ఇంకొక అడుగు చేర్చి, లోపలి లెన్సు ఉష్ణోగ్రతను కొలుస్తూ, కార్నియాకు వేడి సోకకుండా కవచంగా ఉంటూ, బయటి పట్టీ ఎంత వేడెక్కాలో చెప్పే ఏర్పాటు చేయగలిగితే, హీటర్ లెన్సు కన్నా ముందే అది రోగుల చేతికి వస్తుందని నా నమ్మకం. పరిశోధనకు అంశం వెతుక్కుంటున్నట్లయితే దాని గురించి ఆలోచించండి.

ప్రశ్న: కంట్లో హీటర్ అంటేనే భయంగా ఉంది. కార్నియా ఎంత వేడిని తట్టుకుంటుంది?

జవాబు: ఈ భయం పరిశోధకులకూ ఉండాలి. కళ్లు తెరిచి ఉన్నప్పుడు కార్నియా ఉపరితలం 34–35 డిగ్రీల దగ్గర, అంటే శరీరం కన్నా కాస్త చల్లగా ఉంటుంది. కళ్లు మూసుకుంటే ఒకటి రెండు డిగ్రీలు పెరుగుతుంది. వేడి చేసే హాని ఉష్ణోగ్రత ఒక్కదాని మీదే కాక, అది ఎంతసేపు ఉందన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. సాపరెటో, డ్యూయీ అనే శాస్త్రజ్ఞులు 1984లో ప్రతిపాదించిన లెక్క ప్రకారం 43 డిగ్రీల పైన ఒక్కో డిగ్రీ పెరిగే కొద్దీ అదే హానికి పట్టే సమయం సగమవుతూ పోతుంది. 43 డిగ్రీల దగ్గర ఒక గంటలో కలిగే ప్రభావం 46 దగ్గర ఏడున్నర నిమిషాల్లోనే కలుగుతుందన్నమాట. గ్రంథులకు కావలసింది 40–42, జాగ్రత్త పడాల్సింది 43 నుంచి. మధ్యనున్న ఖాళీ ఒకటి రెండు డిగ్రీలే. రెప్ప విషయంలోనే ఇంత ఇరుకుంటే, కార్నియాను 40 లోపే ఉంచాలని పట్టుబట్టడంలో అతి ఏమీ లేదు.

వేడికి కార్నియా ఆకారమే మారగలదని కంటి వైద్యానికి బాగా తెలుసు. సుమారు 65 డిగ్రీల దగ్గర కార్నియాలోని కొల్లాజెన్ అనే ప్రోటీను కుంచించుకుంటుంది. ఆ గుణాన్నే ఉపయోగించుకుని, దగ్గరి వస్తువులు మసకగా కనిపించే దూరదృష్టి (హైపరోపియా) లోపాన్ని తగ్గించే కండక్టివ్ కెరటోప్లాస్టీ అనే పద్ధతి 2002లో అమెరికాలో అనుమతి పొందింది. చికిత్స లెన్సు ఆ దరిదాపులకు పోదు. అయితే కాపడంతో కన్ను వెచ్చబడి ఉన్నప్పుడు రెప్పలను గట్టిగా రుద్దితే కొద్దిసేపు చూపు మసకబారడం మనం ఇప్పటికే చూస్తున్నాము. వేడి మీద ఉన్న కంటిని నలపవద్దని వైద్యులు చెప్పేది అందుకే.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆందోళన పెట్టే విషయం స్పర్శ. ఆరోగ్యవంతమైన కార్నియా శరీరంలోనే అత్యంత సున్నితమైన భాగాల్లో ఒకటి. వేడి కాస్త మించినా కన్ను వెంటనే చెబుతుంది. కానీ చాలా కాలంగా మధుమేహం ఉన్నవారిలో, కంటికి లేజర్ శస్త్రచికిత్స జరిగినవారిలో, హెర్పిస్ వైరస్ సోకిన కళ్లలో ఆ స్పర్శ తగ్గి ఉండవచ్చు. పొడికంటితో వచ్చేవారిలో ఇటువంటివారు తక్కువేమీ కాదు. "మంట అనిపిస్తే తీసేయండి" అన్న సూచన వారిని కాపాడలేదు. లెన్సును ఎవరికైనా ఇచ్చే ముందు కార్నియా స్పర్శను పరీక్షించడం తప్పనిసరి కావాలి.

బంగారు నానోకణాల వంటివాటిని లెన్సులో కలిపి, బయటి నుంచి ఇన్‌ఫ్రారెడ్ కాంతి ప్రసరింపజేసి వేడి పుట్టించవచ్చా అని మరొకరు అడిగారు. పుట్టించవచ్చు. కానీ లెన్సు పీల్చుకోగా మిగిలిన కాంతి కంటి లోపలికి పోతుంది. కొలిమి ముందు ఏళ్ల తరబడి పనిచేసిన గాజు కార్మికులకు శుక్లాలు రావడానికి ఇన్‌ఫ్రారెడ్ కిరణాలే కారణం. నేనైతే ఈ దారిని ఎంచుకోను.

ప్రశ్న: కాంటాక్ట్ లెన్సులు పెట్టుకోవడం మొదలుపెట్టాకే నా కళ్లు పొడిబారాయి. జబ్బు తెచ్చిపెట్టిన వస్తువే మందు ఎలా అవుతుంది?

జవాబు: మీ ప్రశ్నలో చాలా న్యాయం ఉంది. 3 మైక్రాన్ల కన్నీటి పొరలోకి దానికి ఎన్నో రెట్ల మందమున్న లెన్సు వచ్చి చేరితే ఆ పొర లెన్సుకు ముందు కొంత, వెనుక కొంతగా చీలిపోతుంది. ముందు భాగం మీద తైలపు పొర సరిగా పరుచుకోదు, నీరు త్వరగా ఆవిరవుతుంది. మైబోమియన్ గ్రంథుల లోపాన్ని కోర్బ్, హెన్రికెజ్ అనే పరిశోధకులు 1980లో వర్ణించింది కూడా లెన్సులను భరించలేకపోతున్న వారిని పరీక్షించినప్పుడే. లెన్సులు వాడేవారిలో ఈ గ్రంథులు కుంచించుకుపోవడం ఎక్కువగా కనిపిస్తోందని జపాన్ పరిశోధకులు 2009లో చూపారు.

అందుకే రోజంతా పెట్టుకునే వేడి లెన్సు అన్న ఆలోచనను నేను సమర్థించను. వేడి తగిలితే హైడ్రోజెల్ (నీటిని పీల్చుకునే మెత్తని ప్లాస్టిక్) లెన్సు తనలోని నీటిని కోల్పోతుంది, బిగుసుకుంటుంది, కన్నీటినే లాక్కుంటుంది. వేడెక్కిన కార్నియాకు ప్రాణవాయువు అవసరం పెరుగుతుంది. లోహపు తీగలు, ప్లాస్టిక్ పొరలు పొదిగిన లెన్సులోంచి అది అందడం తగ్గుతుంది. కొద్ది నిమిషాల చికిత్సలో, కళ్లు మూసుకుని ఉన్నప్పుడు, ఈ నష్టాలు చాలావరకు అదుపులో ఉంటాయి. స్క్లీరల్ లెన్సుల సంగతి వేరు. అవి తమ కింద సెలైన్ నిల్వ ఉంచి కార్నియాను ఎప్పుడూ తడిగా ఉంచుతాయి. పొడికన్ను తీవ్రంగా ఉన్నవారికి వాటిని ఇప్పటికే చికిత్సగా వాడుతున్నారు. లెన్సు మందూ కాగలదనడానికి మరో ఉదాహరణ, అలర్జీ దురదకు కెటోటిఫెన్ మందును విడుదల చేసే లెన్సు. అది 2022లో ఎఫ్‌డీఏ అనుమతి పొందింది.

ప్రశ్న: నాకు షోగ్రెన్ వ్యాధి ఉంది. ఇటువంటి లెన్సు నాకు పనికివస్తుందా?

జవాబు: షోగ్రెన్ అంటే శరీర రక్షణ వ్యవస్థే సొంత గ్రంథుల మీద దాడి చేసే వ్యాధి. కంటిలో దానివల్ల దెబ్బతినేది ప్రధానంగా నీటిని ఉత్పత్తి చేసే కన్నీటి గ్రంథి. రెప్పలను వేడిచేస్తే ఆ నీరు పెరగదు. అయితే ఈ వ్యాధి ఉన్నవారిలో చాలామందికి మైబోమియన్ గ్రంథుల లోపం కూడా తోడై ఉంటుంది. అటువంటప్పుడు వేడి కొంత ఊరటనిస్తుంది. ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో తీసే మైబోగ్రఫీ చిత్రంలో మీ గ్రంథులు మిగిలి ఉన్నాయో లేదో తెలుస్తుంది. పూర్తిగా కుంచించుకుపోయిన గ్రంథిని ఏ వేడీ తిరిగి రప్పించలేదు. మూసుకుపోయి, ఇంకా జీవం ఉన్న గ్రంథులకే దీనివల్ల మేలు.

ప్రశ్న: ఇటువంటి లెన్సు నిజంగా పనిచేస్తుందని ఎలా నిరూపిస్తారు? కుందేళ్ల మీద విజయం సాధించారన్న వార్తలను నమ్మవచ్చా?

జవాబు: కుందేలు కళ్ల మీద పరీక్ష అవసరమే, వేడి వల్ల కార్నియాకు హాని కలిగిందా లేదా అన్నది అక్కడ తెలుస్తుంది. కానీ కుందేలు మనిషి కన్నా ఎంతో అరుదుగా రెప్ప వేస్తుంది, దాని కన్నీటి పొర ఎక్కువసేపు నిలుస్తుంది. కరిగిన నూనెను రంధ్రం నుంచి బయటకు తోసేది రెప్ప వేయడమే కాబట్టి, చికిత్స ఫలితాన్ని కుందేలు చెప్పలేదు.

మనుషుల మీద జరిగే పరీక్షలో నేను మొదట చూసేది పోలిక బృందం ఎవరన్నది. పొడికంటి పరీక్షల్లో ఉత్తుత్తి చికిత్స పొందినవారి బాధ కూడా చెప్పుకోదగినంతగా తగ్గడం మామూలే. కాబట్టి వేడెక్కని అదే లెన్సును, అంతే సమయం పెట్టుకున్న వారితో పోల్చాలి. వీలైతే సరిగా పెట్టిన కాపడంతో కూడా పోల్చాలి. కాపడం కన్నా మెరుగు కాదని తేలితే కంట్లో హీటర్ పెట్టే అవసరమే లేదు. కన్నీటి పొర చిట్లే సమయం, నొక్కినప్పుడు గ్రంథుల నుంచి వచ్చే నూనె తీరు, రోగి చెప్పే బాధ, ఈ మూడింటినీ విడివిడిగా కొలవాలి. ఈ జబ్బులో కంటికి కనిపించే లక్షణాలకూ రోగి పడే బాధకూ తరచూ పొంతన కుదరదు. ఒకటి మెరుగుపడి మరొకటి మెరుగుపడకపోతే ఆ మాటను దాచకుండా చెప్పిన పరిశోధననే నేను ఎక్కువగా గౌరవిస్తాను.

ప్రశ్న: అంతవరకు ఆగలేక, నా మెత్తని లెన్సులను శుభ్రమైన గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచి పెట్టుకుంటున్నాను. హాయిగానే ఉంది. ఇలా కొనసాగించవచ్చా?

జవాబు: దయచేసి ఈ రోజే ఆపేయండి. మెత్తని లెన్సు బరువు 30 మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది. దాన్ని పది డిగ్రీలు వేడిచేస్తే అది మోసుకొచ్చే వేడి ఒక జౌలుకు కాస్త ఎక్కువ. కంటికి తగిలిన కొన్ని సెకన్లలోనే అది చల్లారిపోతుంది, గ్రంథుల దాకా చేరదు. దానివల్ల ప్రయోజనం లేకపోగా ప్రమాదం చాలా పెద్దది. కుళాయి నీరు ఎంత శుభ్రంగా కనిపించినా దానిలో అకాంతమీబా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. లెన్సుతో పాటు కంట్లో చేరితే అది కార్నియాను తొలిచి, తీవ్రమైన నొప్పి పెట్టి, చూపునే తీసేయగలదు. దానికి చికిత్స నెలల తరబడి సాగుతుంది. గోరువెచ్చని నీటికి దాని తిత్తులు (గట్టి పొర కప్పుకున్న నిద్రాణ రూపాలు) చావవు.

ఇప్పటివరకు అలా నీళ్లలో ఉంచిన లెన్సులనూ, వాటి డబ్బానూ పారేయండి. కొత్త లెన్సులను వాటికి చెప్పిన ద్రావణంలోనే ఉంచండి. కాపడం పెట్టేటప్పుడు లెన్సులు తీసేసి, మూసిన రెప్పల మీద పెట్టుకోండి. తర్వాత కళ్లను నలపకుండా, రెప్పలను పూర్తిగా మూసి తెరుస్తూ ఉండండి. కన్ను ఎర్రబడినా, నొప్పి పెట్టినా, వెలుతురు చూడలేకపోయినా రేపటి దాకా ఆగకుండా ఆ రోజే కంటి వైద్యుణ్ణి కలిసి, లెన్సులను నీళ్లలో ఉంచిన సంగతి ముందుగా చెప్పండి.